పొద్దున్నే ఎందుకు? ఆడవాళ్ల వ్యాయామ వేళ వెనక కథ

ఇందిరా పార్కుకు పొద్దున ఐదున్నరకు వచ్చే ఆడవాళ్లలో చాలామంది తీరిగ్గా నడవరు. ఆరున్నరకల్లా ఇంటికెళ్లి కుక్కర్ పెట్టాలి, పిల్లల బాక్సులు కట్టాలి, నల్లా వచ్చే రోజైతే డ్రమ్ములు నింపుకోవాలి, అందుకే చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, కాళ్లకు స్పోర్ట్స్ షూస్‌తో, ప్రతి రౌండుకీ ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ గబగబా తిరుగుతారు. ఈ వేళను వాళ్ల ఒళ్లు అడగలేదు, ఇల్లు తేల్చింది. మే నెలలో అయితే ఎండ కూడా. సైనా నెహ్వాల్‌ను చిన్నప్పుడు వాళ్ల నాన్న తెల్లవారకముందే స్కూటర్ మీద లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లేవారు. బడికి ముందు దొరికేది ఆ టైమే మరి.

ఒంటికి ఏ వేళ నప్పుతుందన్న ఆరా పాతదే. 1729లో ఫ్రాన్సులో ద మెరాన్ అనే ఆయన అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో పెట్టి చూస్తే, ఎండ తగలకపోయినా అది పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకుంది, అంటే వేళ తెలిపే గడియారమేదో లోపలే ఉందన్నమాట. 1938లో క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్త తన శిష్యుడితో అమెరికాలోని మామత్ గుహలో 32 రోజులు ఉండి, పగలూ రాత్రీ తెలియని చోట ఒంటి వేడి ఎలా మారుతుందో కొలిచాడు. ఇద్దరూ మగవాళ్లే. ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఆటల సైన్సులో పరీక్షలు ఎక్కువగా మగవాళ్ల మీదే జరిగాయి. ఆడవాళ్లకు నెలసరితో హార్మోన్లు మారతాయి, లెక్క చిక్కుపడుతుంది అని పక్కన పెట్టేశారు. నాకు దీని మీద ఇప్పటికీ కోపమే. 1928 ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరిగెత్తిన ఆడవాళ్లు అలసిపోయారని, 1960 దాకా వాళ్లకు ఆ పోటీయే పెట్టలేదు!

ఒంటి వేడి తెల్లవారుజామున అన్నిటికన్నా తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. కండరాలు వెచ్చబడితే బాగా సాగుతాయి, బలం వస్తుంది. 2004 నుంచి 2016 దాకా నాలుగు ఒలింపిక్స్‌లో ఈదిన 144 మంది టైమింగులు పరిశీలిస్తే, అందులో సగం మంది ఆడవాళ్లే, సాయంత్రం ఐదు ప్రాంతంలో వేగం ఎక్కువని తేలింది.

ఆడవాళ్ల విషయం విడిగా చూసిన అధ్యయనం 2022లో వచ్చింది, అమెరికాలో ఆర్సియెరో బృందం చేసింది. 12 వారాల పాటు కొందరు పొద్దున, కొందరు సాయంత్రం కసరత్తు చేశారు. పొద్దున చేసిన ఆడవాళ్లకు పొట్ట కొవ్వు, బీపీ ఎక్కువగా తగ్గాయి. సాయంత్రం చేసినవాళ్లకు చేతుల్లో, భుజాల్లో బలం పెరిగింది, మూడ్ కూడా బాగుపడింది. చివరిదాకా ఉన్న ఆడవాళ్లు 27 మందే, కాబట్టి ఇదే ఆఖరి మాట అనలేం. కానీ అడగడమైతే అడిగారు, నాకు అదే పెద్ద విషయం.

ఈ మధ్య నేను వారానికి రెండు సాయంత్రాలు షటిల్ ఆడుతున్నాను. పొద్దున ఆడితే ఫ్రేముకు తగిలే షాట్లు అప్పుడు సరిగ్గా పడుతున్నాయి, ఆఫీసు చిరాకు కూడా ఇంటిదాకా రావట్లేదు. పక్కింటి వదినను కూడా రమ్మన్నాను. "ఆ టైమ్‌కి రొట్టెలు ఎవరు చేస్తారు?" అంది.