రెండు ప్రమాదాలు, ఒకే వెన్నెముక

2016 రియో ఒలింపిక్స్. మహిళల ట్రాక్ సైక్లింగ్ స్ప్రింట్ ఫైనల్లో జర్మనీకి చెందిన క్రిస్టినా ఫోగెల్ ముగింపు గీత దాటుతుండగా సైకిల్ సీటు ఊడిపోయింది. ట్రాక్ సైకిల్‌కి బ్రేకులుండవు, చక్రం తిరిగినంతసేపూ పెడళ్లూ తిరుగుతూనే ఉంటాయి. అలాంటి బండి మీద, కూర్చోడానికి సీటు కూడా లేకుండా ఆమె పడిపోకుండా నిలదొక్కుకుంది. స్వర్ణం ఆమెదే.

అప్పటికే ఆమె వెన్నెముకకి ఒక దెబ్బ తగిలి ఉంది. 2009లో సాధన చేస్తుండగా మినీబస్సు ఢీకొని ఛాతీ భాగంలో ఒక వెన్నుపూస విరిగింది. రెండు రోజులు కోమాలో ఉంది. విరిగిన ఎముక మాత్రం అతుక్కుంది. ఎముకలో రక్తనాళాలున్నాయి, కొత్త ఎముకను కట్టే కణాలున్నాయి. విరిగినచోట ముందు మెత్తటి కాయలా ఏర్పడి, నెమ్మదిగా గట్టిపడుతుంది. మూడేళ్లకే లండన్ ఒలింపిక్స్‌లో మిరియమ్ వెల్టెతో కలిసి టీమ్ స్ప్రింట్ స్వర్ణం గెలిచింది. 2018 మార్చి నాటికి ప్రపంచ టైటిళ్లు 11.

2018 జూన్ 26. జర్మనీలోని కాట్‌బస్ ట్రాక్ మీద, సాధనలోనే, మరో సైక్లిస్టును ఢీకొంది. వేగం గంటకు దాదాపు 60 కిలోమీటర్లు. లెక్క కడితే, 14 మీటర్ల ఎత్తు నుంచి, అంటే నాలుగంతస్తుల మేడ మీంచి పడితే వచ్చే వేగమిది. ఈసారి ఏడో ఛాతీ వెన్నుపూస దగ్గర వెన్నుపామే తెగిపోయింది. తన బూట్లు ఎవరో పట్టుకెళ్తుంటే చూశానని, అవి విప్పినట్టే తెలియలేదని, ఇక నడక లేదని అప్పుడే అర్థమైందని ఆమె తర్వాత చెప్పింది. పతకాల లెక్కకన్నా ఆ బూట్ల మాటే నా మనసులో నిలిచిపోయింది.

వెన్నుపూస అతుక్కున్నట్టు వెన్నుపాము ఎందుకు అతుక్కోదు? చేతిలో నాడి తెగితే రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగగలదు. అక్కడి కణాలు చెత్తను ఊడ్చేసి, కొత్త తంతువుకి దారి చూపిస్తాయి. వెన్నుపాములో ఆ ఊడ్పు చాలా నిదానం. తెగిన తంతువుల పైపొర ముక్కలు అక్కడే ఉండిపోతాయి, వాటిలోని ప్రొటీన్లు పెరుగుదలకు అడ్డుపడతాయి. పైగా నక్షత్రాల్లాంటి కణాలు గాయం చుట్టూ మచ్చ కడతాయి. అయితే వాపు పక్కకి పాకకుండా కాపాడేది కూడా ఆ మచ్చే.

ఊపిరి ఆడించే ఉదరవితానానికీ, చేతులకీ వెళ్లే నాడులు ఆ ఏడో పూసకన్నా పైన, చాలావరకు మెడ దగ్గరే, వెన్నుపాము నుంచి విడిపోతాయి. కాబట్టి ఆమె చేతుల బలం చెక్కుచెదరలేదు. 2019లో ఎర్ఫుర్ట్ నగర మండలికి ఎన్నికైంది. ఇప్పుడు చక్రాలు తిప్పేది ఆ చేతులే.