డ్రమ్ ట్రాకుల్లో బ్లీడ్: అపోహలు - వాస్తవాలు

మిక్స్‌కి నా దగ్గరికొచ్చే సెషన్లలో చాలావాటిల్లో డ్రమ్స్‌కి ముందే గేట్లేసి (గేట్ అంటే శబ్దం ఒక స్థాయి కంటే తగ్గితే దాన్ని మూసేసేది), కట్ చేసి, ఎక్స్‌పోర్ట్ కొట్టేసి పంపిస్తున్నారు. "అన్నా, బ్లీడ్ మొత్తం తీసేశాం, నీకు పని తగ్గుద్దని" అంటారు. మంచి మనసుతోనే చేస్తారు, కాదనను, కానీ అలా కోసేసిన గోస్ట్ నోట్లూ (స్నేర్ డ్రమ్ మీద మెల్లగా కొట్టే చిన్న దెబ్బలు), టామ్ తోకలూ (టామ్ డ్రమ్ కొట్టాక మెల్లగా తగ్గే మోత) మళ్లీ నేను ఎక్కణ్ణించీ తేలేను. అందుకే ఇదంతా ఒకచోట రాస్తున్నా. బ్లీడ్ అంటే తెలుసుగా, ఒకదానికి పెట్టిన మైక్‌లో పక్కదాని శబ్దం పడటం: స్నేర్‌కి పెట్టిన మైక్‌లో హై-హ్యాట్ (కాలితో మూసే జంట సింబల్స్) పడటం, టామ్ మైకుల్లో సింబల్స్ పడటం.

అపోహ: బ్లీడ్ అంటే చెత్త, మొత్తం తీసేస్తేనే ప్రొఫెషనల్ సౌండ్.

వాస్తవం: డ్రమ్ కిట్ మొత్తం కలిపి ఒకే వాయిద్యం, ఎనిమిది మైకులు పెట్టినంత మాత్రాన అది ఎనిమిది వాయిద్యాలైపోదు. ఇంజినీర్ గ్లిన్ జాన్స్ పేరుతో ఇప్పటికీ వాడే పద్ధతిలో కిట్ మొత్తానికి మూడో నాలుగో మైకులే ఉంటాయి, అక్కడ ప్రతి మైక్‌లోనూ అన్నీ పడతాయి, ఆ కలిసిన సౌండ్ కోసమే ఆ పద్ధతి.

మరి బ్లీడ్ ఎప్పుడు ఇబ్బంది పెడుతుందంటే, మనం కంప్రెసర్ (గట్టి శబ్దాన్ని నొక్కేది), ఈక్యూ (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచేది, తగ్గించేది) వేశాక. స్నేర్ మైక్‌లో స్నేర్‌కీ హ్యాట్‌కీ 20 డీబీ (శబ్దం స్థాయి కొలత) తేడా ఉందనుకోండి. కంప్రెసర్ స్నేర్‌ని 6 డీబీ నొక్కింది, మీరు మేకప్ గెయిన్ (నొక్కాక మొత్తం లెవెల్ పెంచేది) 6 ఇచ్చారు, ఇప్పుడు స్నేర్ ఎక్కడుందో అక్కడే ఉంది కానీ హ్యాట్ 6 డీబీ పైకొచ్చి కూర్చుంది, తేడా 14 అయిపోయింది. ఆపైన స్నేర్‌కి క్రాక్ (దెబ్బలో పదును) కావాలని 8 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంకో 5 పెంచితే ఆ 5 హ్యాట్‌కి కూడా వెళ్లింది. అంటే రికార్డింగ్‌లో లేని సమస్య మన చైన్‌లో పుట్టింది. అందుకే గేట్ అయినా ఎడిటింగ్ అయినా కంప్రెసర్ కంటే ముందుండాలి, ఆ క్రాక్ కోసం హ్యాట్ లేని ఒక స్నేర్ శాంపిల్ (విడిగా రికార్డ్ చేసిన దెబ్బ) కింద కలిపి దాన్ని బ్రైట్ చేసుకుంటే ఇంకా హాయి.

అపోహ: గేట్ వేస్తే పూర్తిగా మూసుకోవాలి, మధ్యలో సైలెన్స్ రావాలి.

వాస్తవం: ఎక్కువ మిక్సులు ఇక్కడే పాడవుతున్నాయి. టామ్ గేట్ పూర్తిగా మూసి ఉంది, డ్రమ్మర్ టామ్ కొట్టాడు, గేట్ తెరుచుకుంది, టామ్‌తో పాటు ఆ మైక్‌లో ఉన్న క్రాష్ సింబల్ కూడా ఒక్కసారిగా బయటికి దూకింది, మళ్లీ గేట్ మూసుకోగానే మాయమైంది. వినేవాళ్లకి అది గేట్ అని తెలియదు, కానీ ప్రతి ఫిల్‌కీ (పాట మలుపుల్లో డ్రమ్మర్ వాయించే చిన్న ముక్క) సింబల్స్ ఊగుతున్నట్టు అనిపిస్తుంది. గేట్‌లో రేంజ్ అని, మూసినప్పుడు శబ్దం ఎంత తగ్గాలో చెప్పే ఒక నాబ్ ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. స్నేర్‌కి 8 నుంచి 12 డీబీ తగ్గిస్తే చాలు, పూర్తిగా మూయక్కర్లేదు, మిగిలిన బ్లీడ్ ఓవర్‌హెడ్స్‌లో (కిట్ పైన పెట్టే మైకుల్లో) కలిసిపోతుంది.

ఇంకోటి, గేట్‌ని తెరిచేది ఏంటో మీరు చెప్పాలి. సైడ్‌చెయిన్ ఫిల్టర్‌ని (గేట్ ఏ శబ్దం విని తెరుచుకోవాలో ఎంచేది) స్నేర్ బాడీ ఉండే 200 హెర్ట్జ్ చుట్టుపక్కల పెడితే హ్యాట్ ఎంత గట్టిగా కొట్టినా గేట్ తెరుచుకోదు. ఫ్లోర్ టామ్ దగ్గర మాత్రం ఈ చిట్కా సగమే పనిచేస్తుంది, అక్కడ కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కూడా అదే ఏరియాలో ఉంటుంది కాబట్టి కిక్ కొట్టినప్పుడల్లా తెరుచుకుంటుంది.

పూర్తిగా మూసే గేట్‌నే సౌండ్‌గా వాడినవాళ్లు కూడా ఉన్నారు. 1980లో వచ్చిన గాయకుడు పీటర్ గాబ్రియెల్ మూడో ఆల్బంలో ఫిల్ కాలిన్స్ డ్రమ్స్‌కి ఇంజినీర్ హ్యూ ప్యాడ్‌గమ్ చేసింది అదే, రూమ్ శబ్దాన్ని బాగా కంప్రెస్ చేసి గేట్‌తో టక్కున కోసేశారు. అక్కడ ఆ కోత వినపడాలనే చేశారు.

అపోహ: టామ్స్‌కి మంచి గేట్ ప్లగిన్ కొంటే చాలు.

వాస్తవం: నేను టామ్స్‌ని చేత్తోనే కట్ చేస్తాను. ఒక పాటలో టామ్స్ ఎన్నిసార్లు కొడతారు, ఫిల్స్‌లో తప్ప పెద్దగా ఉండవు, కూర్చుంటే కాసేపట్లో అయిపోతుంది. దెబ్బకి 5 మిల్లీసెకన్ల ముందు చిన్న ఫేడ్, తర్వాత తోక చచ్చేదాకా వదిలి పొడుగాటి ఫేడ్. ఈ ఒక్క పనికే మిక్స్ ఎంత తేలికవుతుందో చూడండి, ఎందుకంటే కొట్టనప్పుడు కూడా కిక్‌కీ స్నేర్‌కీ టామ్ చర్మాలు వాటంతటవే మోగుతూ ఉంటాయి, ఆ మోతే కింద బురదలా పేరుకుని కిక్‌ని మింగేస్తుంది. నా వరకు క్లీనింగ్‌లో మొదటి పని టామ్స్, తర్వాత స్నేర్, కిక్ కొద్దిగా. ఓవర్‌హెడ్స్ జోలికి వెళ్లను.

అపోహ: ఓవర్‌హెడ్ ట్రాకుల్ని స్నేర్ ట్రాక్‌తో కలిసేలా జరిపితే ఫేజ్ (మైకుల తరంగాలు ఒకదానితో ఒకటి కలవడం) సెట్ అయిపోతుంది.

వాస్తవం: శబ్దం మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది, 48 కిలోహెర్ట్జ్ సెషన్‌లో సుమారు 140 శాంపిల్స్ (డిజిటల్ ఆడియోలో ఒక్కో కొలత). ఓవర్‌హెడ్‌ని టైమ్‌లైన్‌లో అంత ఎడమకి (ముందుగా మోగేలా) లాగితే స్నేర్ కలుస్తుంది నిజమే, కానీ ఫ్లోర్ టామ్, కిక్ వేరే దూరాల్లో ఉన్నాయి కదా, వాటికి అది తప్పు లెక్క. ముందు పొలారిటీ బటన్ (తరంగాన్ని తలకిందులు చేసేది) నొక్కి, బేస్‌లో బరువు ఎటు ఎక్కువుందో వినండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది. స్నేర్ కింది మైక్ పొలారిటీ మాత్రం మర్చిపోకుండా చెక్ చేయండి, పై చర్మం మైక్ నుంచి దూరంగా పోయేటప్పుడు కింది చర్మం తన మైక్ వైపు వస్తుంది కాబట్టి రెండూ ఎదురెదురుగా ఉంటాయి.

అపోహ: డ్రమ్ షీల్డ్ పెడితే బ్లీడ్ పోతుంది.

వాస్తవం: చర్చి వర్షిప్ బ్యాండ్ల లైవ్ రికార్డింగుల్లో ఇది బాగా చూస్తాను. ఆ అక్రిలిక్ షీల్డ్ పాడేవాళ్ల మైకుల్లో డ్రమ్స్‌ని తగ్గిస్తుంది, అంతవరకు మంచిదే. కానీ సింబల్స్ దానికి తగిలి వెనక్కొచ్చి డ్రమ్ మైకుల్లోనే పడతాయి, కాబట్టి డ్రమ్మర్ వెనక, పైన ఏదైనా మందపాటి మెత్తటి సామాను ఉండాలి. ఇలాంటి వాటిల్లో వోకల్ మైక్‌ని పాడనప్పుడు మ్యూట్ చేయకండి, దాంట్లోనూ డ్రమ్స్ పడుతుంటాయి కాబట్టి పాట ఎత్తుకున్న ప్రతిసారీ స్నేర్ సౌండ్ మారిపోతుంది. ఒకసారి నేనే ఆ పని చేసి మిక్స్ పంపించేశాను, "పల్లవి వచ్చినప్పుడల్లా డ్రమ్స్ దూరంగా వెళ్తున్నాయేంటి బ్రదర్" అని వాళ్ల కీబోర్డ్ ప్లేయర్ ఫోన్ చేస్తే మొత్తం మళ్లీ చేశాను. ఇప్పుడు 6 డీబీ దించి వదిలేస్తాను.

అపోహ: ఏఐ వచ్చింది కదా, అదే విడదీస్తుంది.

వాస్తవం: విడదీస్తుంది, కానీ సింబల్ తోకల్లో నీళ్లలో ముంచినట్టు ఒక శబ్దం నా చెవికి ఇంకా తగులుతూనే ఉంది. దాన్ని నేను ఇలా వాడతాను: విడదీసిన స్నేర్‌ని మిక్స్‌లో వినిపించను, ఒరిజినల్ స్నేర్ గేట్‌కి సైడ్‌చెయిన్‌లో ఇస్తాను. గేట్ సరిగ్గా తెరుచుకుంటుంది, వినపడేది అసలు మైకే.

అపోహ: మైక్ వెనక వైపు ఎప్పుడూ చెవిటిది.

వాస్తవం: ఎస్‌ఎం 57 లాంటి కార్డియాయిడ్‌కి (ముందు వైపు ఎక్కువ వినే మైక్) అవును, సరిగ్గా వెనక ఉన్నది తక్కువ పడుతుంది, హ్యాట్‌ని అటు ఉంచండి. బీటా 57ఏ లాంటి సూపర్‌కార్డియాయిడ్‌కి (ముందు వైపు ఇంకా ఇరుకుగా వినే మైక్) అలా కాదు, దానికి తక్కువ వినపడే చోటు ముందు నుంచి కొలిస్తే సుమారు 126 డిగ్రీల దగ్గర, వెనక కొంచెం వింటుంది. హ్యాట్‌ని రెండంగుళాలు పైకి లేపడం, టామ్ మైక్‌ని నాలుగంగుళాల నుంచి రెండంగుళాలకి దింపడం, ఇవి ఏ ప్లగిన్ కంటే ఎక్కువ ఇస్తాయి. దూరం సగం చేస్తే టామ్ దాదాపు 6 డీబీ పెరుగుతుంది, బ్లీడ్ అంతే ఉంటుంది. బేస్ కొంచెం ఉబ్బుతుంది, ఈక్యూలో తీసేయొచ్చు.

ఇక చివరి సింబల్ తోకలో వినపడే హెడ్‌ఫోన్ క్లిక్ (డ్రమ్మర్ తాళం కోసం వినేది), అది మాత్రం నేను ఏ మొహమాటం లేకుండా తీసేసే బ్లీడ్. మీ సెషన్‌లో చివరి దెబ్బ దగ్గరే క్లిక్ ట్రాక్ కట్ చేసి పెట్టుకోండి, అసలు రికార్డే అవ్వదు.