లోపల ఎవరు చూస్తారని రంగు?

విజయనగరం

అమ్ములూ, చిన్నోడా,

బాగున్నారా? వేసవి సెలవుల్లో మీరొచ్చినప్పుడు, షెడ్డులో నేను ఆయిల్ ఇంజిన్ కడుపులో ఎర్ర రంగు పూస్తుంటే చిన్నోడు అడిగాడు: "తాతా, మూత బిగించేస్తే ఎవరికీ కనపడదు కదా, లోపల రంగెందుకు?" చేతిలో బ్రష్షు తడిగా ఉంది, రంగు ఆరిపోతుందని నాకు టెన్షన్. "తర్వాత చెప్తాన్రా" అన్నాను. మర్నాడు మీరు రైలెక్కేశారు. మొన్న ఫోన్లో మళ్లీ అదే అడిగాడు. ఫోన్లో తేలే సంగతి కాదు, అందుకే ఈ ఉత్తరం.

ఆ ఇంజిన్ బొబ్బిలి అవతల ఒక రైతుది. చెరకు గానుగ తిప్పుతుంది. రెండు పక్కలా తిరగలి రాళ్లకంటే పెద్ద ఫ్లైవీళ్లు ఉన్నాయి చూశారే, ఆ పచ్చరంగుది. లిస్టర్ అనే ఇంగ్లండు కంపెనీ 1929లో తెచ్చిన మోడల్‌కి మన దేశంలో చేసిన నకలు అది. గుజరాత్‌లో రాజ్‌కోట్ చుట్టుపక్కల ఇలాంటివి చాలా తయారయ్యాయి. ఆరు హార్స్‌పవర్. నిమిషానికి 650 చుట్లు తిరుగుతుంది, అంతే. మీ నాన్న బైకు ఇంజిన్ పక్కన పెడితే ఇది ఏనుగు నడక.

ఇనప బ్లాకు పుట్టేది ఇసుకలో. ఇసుకని తడిపి, గట్టిగా దట్టించి, అచ్చు చేసి, అందులో కరిగిన పోత ఇనుము పోస్తారు. లోపల బోలుగా ఉండాల్సిన చోట ఇసుకతోనే చేసిన దిమ్మ పెడతారు. ఇనుము గడ్డకట్టాక ఆ దిమ్మని పొడిచి, దులిపి, బయటికి తీస్తారు. అంతా రాదు. అమ్మమ్మ గుడ్డ సరిగా తడపకుండా ఇడ్లీ వేసిన రోజు గుడ్డకి ఇడ్లీ ఎలా అంటుకుంటుందో, అలా కొన్ని ఇసుక రేణువులు ఇనుముని పట్టుకుని ఉండిపోతాయి. చేత్తో తడిమితే గరుకు తగులుతుంది గాని ఊడి రావు. ఇంజిన్ వేడెక్కుతూ, చల్లారుతూ, అదురుతూ ఉంటే మాత్రం ఎప్పుడో ఒకనాడు ఒకటీ ఒకటీ రాలతాయి. ఇరవై ఏళ్లు తిరిగిన ఇంజిన్‌లో కూడా మూల మూలల్లో నాకు ఇసుక దొరికింది.

రాలితే ఏమవుతుంది? ఈ రకం ఇంజిన్‌లో ఆయిల్ ఫిల్టర్ లేదు. కింద తొట్టిలో ఆయిల్ ఉంటుంది, పిస్టన్‌ని షాఫ్టుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు అడుగున చిన్న గరిటెలాంటిది ఉంటుంది. తిరిగినప్పుడల్లా అది ఆయిల్‌ని కొట్టి పైకి చిమ్ముతుంది. సెకనుకి దాదాపు 11 సార్లు. ఆ చిమ్మిన ఆయిలే అన్ని చోట్లకీ వెళ్లాలి. తిరిగే షాఫ్టుకీ, దాన్ని మోసే బేరింగుకీ మధ్య ఖాళీ తల వెంట్రుక మందం. అందులోకి ఇసుక రేణువు దూరితే నలిగి, మెత్తటి బేరింగు లోహంలో గుచ్చుకుని కూర్చుంటుంది. తమాషా ఏమిటంటే, అరిగేది మెత్తటి బేరింగు కాదు, గట్టి షాఫ్టు. బేరింగేమో ఆకురాయిలా మారి షాఫ్టుని రాకుతుంది. ఆ రైతు ఇంజిన్ షాఫ్టు మీద, దాన్నే క్రాంకు అంటాం, గోరు తగిలేంత గీతలున్నాయి. అమ్ములు గోటితో గీరి "టిక్ టిక్‌మంటోంది తాతా" అంది, గుర్తుందా?

అందుకని ఆ గరుకు ఇనుము మీద ఒక పొర పూసి, మిగిలిన ఇసుకని దాని కిందే బంధించేస్తాం. ఇంకో లాభం కూడా చెప్తారు: నున్నటి గోడ మీంచి ఆయిల్ తొందరగా కిందికి జారుతుందని. రేసు కార్ల ఇంజిన్లకి అది అవసరమేమో గాని, గానుగ ఇంజిన్‌కి అంత తొందరేం లేదు.

ఇంతకీ అసలు పని రంగు వెయ్యడం కాదు, కడగడం. నాలుగు రోజులు కడిగాను, రెండు పూటలు పూశాను. ముందు డీజిల్‌తో జిడ్డు వదలగొట్టాను. తర్వాత కాస్టిక్ సోడా కలిపిన వేడి నీళ్ల డ్రమ్ములో వేశాను. ఆ రోజు మిమ్మల్ని షెడ్డు గుమ్మం కూడా ఎక్కనివ్వలేదని చిన్నోడు అలిగాడు. ఆ నీళ్లు ఒక్క చుక్క కంట్లో పడితే చూపు పోతుంది నాన్నా. అల్యూమినియం ముక్క పడేసినా పొంగి, దాన్ని తినేస్తుంది. అందుకే పోత ఇనుము తప్ప వేరే ఏదీ అందులో వెయ్యను.

బయటికి తీశాక వైరు బ్రష్షు, సన్నటి ఉలి, చిన్న గ్రైండరు. పోతలో మిగిలిపోయిన పొలుకులు, పదునైన అంచులు అన్నీ గుండ్రంగా రుద్దేశాను. పదును మీద రంగు నిలవదు, పల్చబడి అక్కడినుంచే లేవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత సర్ఫు నీళ్లు. పెట్రోలుతో కడిగితే చాలు కదా అంటారు కుర్రాళ్లు. పెట్రోలు జిడ్డుని తీసుకుపోతుంది, పొడిని అక్కడే వదిలేస్తుంది. సబ్బు నురగ పొడిని ఎత్తుకుపోతుంది. వెంటనే కంప్రెసర్ గాలితో ఆరబెట్టాలి. మన కోస్తా గాలికి కడిగిన ఇనుము పావుగంటలో పసుపు రాసుకున్నట్టు తుప్పు పట్టేస్తుంది.

ఇక్కడితో అయిపోయిందనుకుంటే మోసపోతాం. శుభ్రంగా కనిపిస్తున్న బ్లాకుని మే నెల ఎండలో పెట్టాను చూశారా, గంటకి దానికి చెమట పట్టింది. నీళ్లు కాదు, ఆయిల్. పోత ఇనుములో కంటికి కనపడని సందులుంటాయి, ఏళ్ల తరబడి తాగిన ఆయిల్‌ని వేడికి కక్కుతుంది. థిన్నరుతో తుడిచి, మళ్లీ ఎండలో పెట్టి, మళ్లీ తుడిచి, తెల్ల గుడ్డ తెల్లగానే తిరిగొచ్చేదాకా అదే పని. పొందూరులో ఖద్దరు నూలు వడికేవాళ్లు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, ఎప్పుడైనా తీసుకెళ్లి చూపిస్తాను. వడకడానికి ముందు దువ్వడానికే ఎంత సేపు కూర్చుంటారో చూస్తే నా కడుగుడు మీకు విసుగనిపించదు.

ఇంత చాదస్తం నాకెందుకొచ్చిందో కూడా చెప్పాలి. పాతికేళ్ల వయసులో ఒక జీపు ఇంజిన్‌కి ఇలాగే రంగు వేశాను. ఓనరు తొందరపెడుతున్నాడని చెమట పట్టే దాకా ఆగలేదు. పైకి అద్దంలా ఉంది, నాకెంతో గర్వం. రెండు నెలలకి సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే ఆయిల్ ప్రెషరు పడిపోయి బేరింగు పట్టేసింది. విప్పి చూస్తే, రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి, ఆయిల్ పంపు పీల్చే జాలీకి ఎండిన మిరపతొక్కల్లా అతుక్కుని ఉంది. ఆ క్రాంకు గ్రైండింగు ఖర్చు నా జీతంలోంచే కట్టాను. లోపల అసలు రంగే వెయ్యకూడదు, ఉన్న ఇసుకకంటే ఊడే పెచ్చే ప్రమాదం అనే మేస్త్రీలు చాలామంది ఉన్నారు. వాళ్లది తప్పని నేననను. ఫిల్టరున్న ఇంజిన్‌కైతే నేనూ శుభ్రంగా కడిగి ఊరుకుంటాను. ఫిల్టరు లేని ఇలాంటి వాటికే వేస్తాను.

ఇక రంగు సంగతి. గేటుకి వేసే ఎనామెల్ పనికిరాదు, వేడి ఆయిల్‌లో మెత్తబడిపోతుంది. అమెరికాలో ఇంజిన్లు కట్టేవాళ్లు గ్లిప్టాల్ అనే ఎర్ర రంగు వాడతారు. గ్లిజరిన్, థాలిక్ అన్న రెండు పదార్థాల పేర్లు కలిపి పెట్టిన పేరది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ దాన్ని కరెంటు పనులకి తయారుచేసింది. మన దగ్గర మోటారు రివైండింగ్ షాపుల్లో కాయిళ్ల మీద పూసే ఎర్ర వార్నిష్ ఆ జాతిదే. అయినా నేను డబ్బాని నమ్మలేదు. పాత ఇనప ముక్క మీద పూసి, ఆరాక వారం రోజులు ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి, రోజుకోసారి పొయ్యి మీద వేడి చేశాను. చాకుతో గీకినా లేవలేదు. అప్పుడు ఇంజిన్ దగ్గరికి వెళ్లాను.

పల్చగా రెండు పూతలు, మధ్యలో ఒక రాత్రి విరామం. ఎక్కడ పూయకూడదన్నది ఎక్కడ పూయాలన్న దానికంటే ముఖ్యం. లేత్ మీద కోసిన ఏ ముఖానికీ రంగు తగలకూడదు: బేరింగులు కూర్చునే చోటు, సిలిండరు బిగించే ముఖం, ప్యాకింగు కూర్చునే అంచులు. వాటికి టేపు అంటించాను. ఆయిల్ చినుకులు దిగే కన్నాలకి కార్కులు కొట్టాను. ఏడు కార్కులు. అమ్ములు గోడ మీద సుద్దతో ఏడు గీతలు గీసి, తీసినప్పుడు ఒక్కొక్కటే కొట్టేసింది. ఒక్క కార్కు లోపల మర్చిపోయినా ఆ బేరింగుకి ఆయిల్ చుక్క అందదు.

ఇంజిన్ బిగించి, షెడ్డులోనే పది గంటలు తిప్పాను. ఆ మొదటి ఆయిల్ దింపేసి నా పాత పంచె ముక్కలో వడగట్టాను. కొత్త పిస్టన్ రింగులు అరిగిన బూడిద రంగు పొడి కొంచెం వచ్చింది, అది మామూలే. ఇసుక లేదు. కానీ ఒక ఎర్ర పెచ్చు వచ్చింది, గోరంచు అంత. నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఇంజిన్ పక్క తలుపు విప్పి, టార్చి వేసి వెతికితే దొరికింది: నాలుగో కార్కు లాగినప్పుడు దాని అంచున రంగు కొద్దిగా లేచింది. నేను చూసుకోలేదు. ఆ కన్నం చుట్టూ చాకుతో గీకి, గట్టిగా పట్టుకున్న రంగు తగిలేదాకా తీసేసి, మిగతా ఆరు కన్నాలూ చూసి, మళ్లీ ఆయిల్ పోసి తిప్పాను. ఇంకో పది గంటలయ్యాక వడగట్టాలి.

ఆ పెచ్చుని సీసాలో వేసి కిటికీలో పెట్టాను. దసరా వెళ్లాక పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడ్డానికి వస్తారుగా, చూద్దురుగాని.

ఆశీస్సులతో,
మీ తాతయ్య