కొబ్బరి మోడు తీద్దామన్న పిల్లలకు

ప్రియమైన పిల్లలకు,

సెలవులకి వచ్చినప్పుడు పెరట్లో రెండు మోళ్లూ పీకేద్దాం తాతా, అక్కడ క్రికెట్ ఆడుకుంటాం అన్నారు కదా. సరే, తీద్దాం. కానీ గునపం ముట్టుకునే ముందు మీకు తెలియాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోన్లో చెబితే సగం వినకుండానే పరిగెడతారని రాసి పంపుతున్నాను.

ముందు మన పెరట్లో లేని సంగతి చెబుతాను, ఎందుకంటే అన్నిటికంటే ప్రమాదం అదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు తోటలకి తోటలే పడిపోయాయి. పెద్ద చెట్టు వేళ్లతో సహా ఒరిగితే కింద గొయ్యి పడుతుంది. గొయ్యి పక్కనే వేళ్లూ మట్టీ కలిసిన గడ్డ నిలువుగా లేచి ఉంటుంది. పిల్లలకి అది దాక్కోవడానికి మంచి చోటనిపిస్తుంది. కానీ ఒక పక్క వేళ్లు ఇంకా తెగలేదు. లాగిపెట్టిన విల్లులా నేలలో బిగిసి ఉన్నాయి. అవతల పడున్న మాను బరువే ఆ గడ్డని పైకి లేపి ఉంచింది. రంపంతో మాను కోసెయ్యగానే ఆ బరువు పోతుంది, గడ్డ ఒక్క ఊపున వెనక్కి తిరిగి గోతిలో పడుతుంది. లోపల మనిషుంటే లాగడానికి కూడా టైం ఉండదు. రంపం పట్టినవాడు అవతలి వైపు ఉంటాడు, గడ్డ అడ్డంగా ఉండటంతో గొయ్యి అతనికి కనబడదు. అందుకే పడిన చెట్టు గోతిలోకి ఎప్పుడూ దిగకండి. చెట్టు కోస్తున్నారంటే ఆ చుట్టుపక్కల ఉండకండి. చిన్నపిల్లలు ఎవరైనా లోపల ఉంటే ముందు అరిచి రంపం ఆపించండి.

ఇక మనవి. ఒకటి కొబ్బరి, రెండోది గోడ పక్కన వేప. రెండింటికీ ఒకే పద్ధతి పనికిరాదు.

కొబ్బరికి తల్లివేరు ఉండదు. మీ సైన్సు పుస్తకంలో చదివిన గుబురు వేళ్లే. పెన్సిలంత లావున వేలకొద్దీ ఉంటాయి. అందుకని చుట్టూ కందకంలా తవ్వి, వేళ్లు కోసుకుంటూ పోతే మోడు కదులుతుంది. ముందురోజు సాయంత్రం నీళ్లు పెడితే నేల మెత్తబడి సగం శ్రమ తగ్గుతుంది. గొడ్డలి వేసే ముందు వేళ్ల మీద మట్టి కడిగెయ్యాలి. మట్టిలో రాయి ఉంటే గొడ్డలి తగిలి ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. గొడ్డలి పెద్దవాళ్లే పట్టుకుంటారు. గొడ్డలి తల పిడి నుంచి ఊడి ఎగిరే ప్రమాదం ఉంది కాబట్టి ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. మీరు తట్టలతో మట్టి మొయ్యండి, బూట్లు వేసుకుని.

కొబ్బరి మోడుని వదిలెయ్యకూడదనడానికి గట్టి కారణం కొమ్ము పురుగు. కుళ్లుతున్న కొబ్బరి మోడులోనూ పెంటకుప్పలోనూ అది గుడ్లు పెడుతుంది. ఆ పుచ్చు విప్పితే బొటనవేలంత లావు తెల్లటి పురుగులు ముడుచుకుని కనిపిస్తాయి. అవి పెరిగి రెక్కలొచ్చాక పచ్చగా ఉన్న చెట్ల మొవ్వులోకి, అంటే నడినెత్తిన కొత్త మట్టలు పుట్టే చోటులోకి, తొలుచుకుపోతాయి. తర్వాత విచ్చుకునే మట్టలు కత్తెరతో కోసినట్టు వస్తాయి. కొబ్బరికి మొవ్వు ఒక్కటే, అది పోతే చెట్టు పోయినట్టే. కాబట్టి మోడులో దొరికిన పురుగులన్నీ ఏరి కోళ్లకి వెయ్యండి. చేత్తో కాదు, పుల్లతో. ఆ పుచ్చులోనే తేళ్లూ జెర్రులూ ఉంటాయి, ఒక్కోసారి పామూ ఉంటుంది. పాము కరిస్తే కట్టు కట్టడం, కొయ్యడం, పీల్చడం ఏమీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి.

ట్రాక్టరుకి మోకు కట్టి లాగేద్దాం, అయిదు నిమిషాల పని అంటాడు మీ చిన్నాన్న. నేను ఒప్పుకోను. మోకు ట్రాక్టరుకి ఎత్తులో కడితే మోడు కదలకుండా ట్రాక్టరే ముందు చక్రాలు లేపి డ్రైవరు మీదికి తిరగబడుతుంది. మోకు తెగితే దాని కొస ఎటు కొడుతుందో ఎవరూ చెప్పలేరు.

కిరోసిన్ పోసి కాల్చడం కూడా వద్దు. పైన ఆరిపోయినట్టే ఉంటుంది, లోపల వేళ్లు రోజుల తరబడి రగులుతూనే ఉంటాయి. బూడిదే కదా అని కాలు పెడితే కింద నిప్పులు. యాసిడ్, ఉప్పు పోస్తే ఆ నేలలో మరేదీ మొలవదు.

వేప మోడు మాత్రం తవ్వొద్దు. దాని వేళ్లు పునాది కిందికి వెళ్లాయి, పక్కనే నీళ్ల పైపు ఉంది. నేల మట్టానికి కోయించి వదిలేద్దాం. వేప ఊరికే చావదు, చుట్టూ పిలకలు వేస్తుంది. వేళ్లలో దాచుకున్న తిండితోనే అది చిగురిస్తుంది, చిగుళ్లు ఆకులైతే మళ్లీ తిండి కిందికి పంపుతుంది. చిగురు కనిపించినప్పుడల్లా గిల్లేస్తే ఆ నిల్వ అయిపోయి మోడు మెల్లగా ఎండి కుళ్లిపోతుంది. మీరు వెళ్లాక ఆ పని నేను చూసుకుంటాను.

కొబ్బరి మోడు తీసిన గొయ్యిని ఆ సాయంత్రమే పూడ్చాలి. పక్కింటి పాప ఇప్పుడిప్పుడే నడుస్తోంది. మట్టి ఒకేసారి పోసెయ్యకుండా జానెడు పోసి తొక్కి, మళ్లీ పొయ్యాలి. ఎంత తొక్కినా మొదటి వానకి కుంగుతుంది, అందుకని ఒక తట్ట మట్టి మిగిల్చి ఉంచండి. క్రికెట్ ఆ వాన తర్వాతే.

మీ తాతయ్య