పాల సూది గొడవ: 2018లో ఏం జరిగింది

గోదావరి జిల్లాల్లో పాల సూది గొడవ మళ్లీ లేచింది. పాలు దిగడానికి సూది వేసిన గేదె పాలు తాగితే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతారన్న భయం అమలాపురంలోనూ భీమవరంలోనూ తల్లులను పట్టి పీడిస్తోంది.

ఆ సూదిమందు ఆక్సిటోసిన్. గేదె ఒంట్లో సహజంగా ఊరే హార్మోనే. దూడ పొదుగు కుమ్మితే అది విడుదలై గేదె చేపుతుంది, అంటే పాలు దించుతుంది. మగదూడకు పాలు వదలడం దండగనుకునే పాకల్లో దూడ బతకడమే కష్టం. దూడ పోయిన గేదె చేపడానికి మొరాయిస్తుంది. అప్పుడు సూది బయటికొస్తుంది: పితికే ముందు ఒక్క పోటు, నిమిషం తిరక్కుండా పాలు దిగుతాయి.

దీన్ని ఆపాలని కేంద్రం 2018 ఏప్రిల్ 27న తెచ్చిన నోటిఫికేషనే నేటి గందరగోళానికి మూలం. దేశంలో వాడకానికి ఈ మందును ప్రైవేటు కంపెనీలు తయారు చేయకూడదంది. ప్రభుత్వరంగంలోని కర్ణాటక యాంటీబయాటిక్స్ సంస్థ ఒక్కదానికే ఆ పని అప్పగించింది. దుర్వినియోగం పశువులకూ మనుషులకూ చేటన్నది కేంద్రం వాదన.

కానీ కాన్పయ్యాక రక్తస్రావాన్ని ఆపేదీ ఈ మందే. సమయానికి అందకపోతే బాలింత ప్రాణానికే ముప్పు. మందులు అందరికీ అందాలని పోరాడే ఆలిండియా డ్రగ్ యాక్షన్ నెట్‌వర్క్, మందుల కంపెనీలు కోర్టుకెక్కాయి. ఆ డిసెంబర్ 14న ఢిల్లీ హైకోర్టు నోటిఫికేషన్‌ను కొట్టేసింది. నిషేధానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని, మందు కొరత వస్తే తల్లుల గతేమిటో ప్రభుత్వం ఆలోచించలేదని తప్పుపట్టింది. 2019లో సుప్రీంకోర్టు ఈ వివాదాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది.

తాగేవాళ్ల భయానికి ఆధారం బలహీనం. ఆక్సిటోసిన్ తొమ్మిది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. రక్తంలో నిమిషాల్లో విరిగిపోతుంది, పాలలోకి చేరిన కాస్తా మన పేగుల్లో అరిగిపోతుంది. రజస్వలకు కారణమయ్యే ఈస్ట్రోజెన్ వేరు. అమెరికా 1993లో అనుమతించిన పాల దిగుబడి హార్మోను బీఎస్టీ ఇంకా వేరు. దాన్ని 1999లో కెనడా, యూరప్ వద్దన్నదీ ప్రధానంగా ఆవుల ఆరోగ్యం కోసమే.

నష్టపోతున్నది గేదె. పూటపూటా పొడిస్తే అలవాటుపడి, సూది లేకుండా చేపనంటుంది. పశువుకు హాని చేసే పాల సూది 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 12వ సెక్షన్ కింద నేరం. రెండేళ్ల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. పశువునూ ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు. 2024లో ఢిల్లీ హైకోర్టు అక్కడి డెయిరీ కాలనీల్లో వారం వారం తనిఖీలు చేయమన్నది ఈ సెక్షన్ ఆధారంగానే. మన పాకల్లోనూ అదే తనిఖీ జరగాలి. లేబులు లేని ప్లాస్టిక్ సీసాల్లో ఈ మందు ఎవరు పోసి అమ్ముతున్నారో పోలీసులు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ముందు తేల్చాలి.