సైకిల్ హెల్మెట్: పరిహారంలో కోత ఎక్కడ మొదలైంది?

బ్రిటన్‌లో సైకిల్ తొక్కేవాళ్లకు హెల్మెట్ తప్పనిసరి చేయాలన్న మాట లేచిన ప్రతిసారీ చర్చంతా జరిమానా చుట్టూ తిరుగుతుంది. అసలు డబ్బు పోయేది అక్కడ కాదు, కారు గుద్దినప్పుడు రావాల్సిన పరిహారంలో.

అక్కడ హెల్మెట్ లేకుండా సైకిల్ తొక్కడం నేరం కాదు. రోడ్డు నియమాల అధికారిక పుస్తకమైన హైవే కోడ్‌లో చట్టం వెనకున్న ఆదేశానికి 'మస్ట్' అని, సలహాకు 'షుడ్' అని రాస్తారు. హెల్మెట్ గురించి చెప్పే 59వ నిబంధన రెండో రకం. కానీ 1988 రోడ్డు ట్రాఫిక్ చట్టం 38(7) సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. సలహా పాటించనంత మాత్రాన శిక్ష పడదు గానీ, సివిల్ కేసులో బాధ్యత తేల్చేటప్పుడు ఆ సంగతిని ఎత్తిచూపవచ్చు.

బాధితుడి వైపు తప్పుంటే పరిహారం తగ్గించవచ్చని 1945 చట్టమే చెప్పింది. మలుపు వచ్చింది 1975లో, అదీ కారు కేసులో: ఫ్రూమ్ వర్సెస్ బుచర్. కారు నడిపిన వ్యక్తి సీటు బెల్టు పెట్టుకోలేదు. ప్రమాదంలో అతని తప్పేమీ లేదు, బెల్టు అప్పటికి తప్పనిసరీ కాదు. అయినా ప్రమాదానికి కారణం వేరు, గాయానికి కారణం వేరు అన్నారు అప్పీలు కోర్టు న్యాయమూర్తి లార్డ్ డెనింగ్. బెల్టు ఉంటే గాయమే తగిలేది కాదంటే 25 శాతం కోత, గాయం తీవ్రత తగ్గేదంటే 15 శాతం, తేడా ఏమీ ఉండేది కాదంటే సున్నా. ఒక సలహాకు రేటు కట్టిన తీర్పు ఇది. 80,000 పౌండ్ల పరిహారంలో 15 శాతమంటే 12,000 పౌండ్లు.

నివారించదగ్గ గాయానికి పూర్తి సొమ్ము మేమెందుకు కట్టాలన్నది బీమా కంపెనీల వాదన. అందులో పస లేకపోలేదు. అయితే 2009లో స్మిత్ వర్సెస్ ఫించ్ కేసులో ఈ లెక్క సైకిల్ దాకా వచ్చినప్పుడు హైకోర్టు రెండు మాటలు చెప్పింది. హెల్మెట్ పెట్టుకోకపోవడం తప్పు కావచ్చు. కానీ పెట్టుకుని ఉంటే గాయం తగ్గేదని నిరూపించాల్సింది గుద్దినవాడే. అక్కడ అది నిరూపణ కాలేదు, కోతా పడలేదు. బీమా కంపెనీలు బాధితులకు రాసే ఉత్తరాల్లో మొదటి మాటే కనిపిస్తుంది.

నిరూపణ ఎందుకు కష్టమో హెల్మెట్ పరీక్షే చెబుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 1078 కింద, నకిలీ తలకు హెల్మెట్ తొడిగి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి చదునైన ఇనుప దిమ్మె మీద పడేస్తారు. తాకే వేగం గంటకు 19.5 కిలోమీటర్లు. ఫుట్‌పాత్ అంచులాంటి దిమ్మె మీదైతే 16.5. అంతకు మించిన దెబ్బకు హెల్మెట్ ఎంత కాస్తుందో ఈ పరీక్ష చెప్పదు. ఒక్కో కేసులో వైద్యుడు, ఇంజనీరు వచ్చి తేల్చాలి. పైగా కోత వర్తించేది తల గాయం వాటాకే. కాలు విరిగిన ఖాతాలో హెల్మెట్ ఊసెత్తడానికి వీల్లేదు. రాజీకి కూర్చున్నప్పుడు బీమా కంపెనీ మొత్తం మీద 15 శాతం కోత అడిగితే, గాయాలవారీగా విడదీసి చూపమనడమే సరైన జవాబు.

లైట్ల సంగతి వేరు. చీకటిపడ్డాక ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం, ఎర్ర రిఫ్లెక్టరు, 1985 అక్టోబరు నుంచి తయారైన సైకిల్‌కైతే పెడళ్లకు పసుపు రిఫ్లెక్టర్లు కూడా 'మస్ట్'. బూటు బిగించుకునే రేసు పెడళ్లలో చాలావాటికి ఆ రిఫ్లెక్టరు పెట్టే చోటే ఉండదు. అవతలి లాయరు దాన్ని వదలడు. దీపాలన్నీ వెలుగుతుంటే ఆ రిఫ్లెక్టరు లేకనే ప్రమాదం జరిగిందని చూపడం మాత్రం అతనికీ కష్టమే.

38(7) మెలిక రెండువైపులా కోస్తుంది. 2022 జనవరి 29న మారిన కోడ్, ఎక్కువ హాని చేయగల వాహనానిదే ఎక్కువ బాధ్యత అంది. గంటకు 30 మైళ్ల వేగం దాకా సైకిల్‌ను దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటర్లు వదలాలంది. ఇవీ సలహాలే, కాబట్టి డ్రైవరు మీద కూడా ఎత్తిచూపవచ్చు.

రేపు 59వ నిబంధన 'మస్ట్' అయినా మారేది ఒక్కటే, 'అది తప్పా?' అన్న ప్రశ్న పోతుంది. గాయం తగ్గేదా, ఎంత తగ్గేది అన్నవి అలాగే ఉంటాయి. సీటు బెల్టు విషయంలో జరిగిందదే. 1983 జనవరి 31న ముందు సీట్లకు అది తప్పనిసరి అయ్యాక కూడా డెనింగ్ వేసిన 25, 15 అంకెలు కదల్లేదు.