మిల్లర్ ఆపించిన మేస్త్రి

‘నేను గొంతు చించుకున్నా పిల్లలు వినరు. పక్క క్లాసు సారు మెల్లగా ఒక్క మాటంటే చాలు, అందరూ కూర్చుంటారు. ఏం మంత్రం సార్?’ అని అచ్చంపేట నుంచి ఒక కొత్త టీచరమ్మ అడిగారు. మంత్రం హల్లుల్లో ఉందమ్మా.

గొంతు మీద వేళ్లు పెట్టుకుని ‘ఆ...’ అనండి. అదురుతుంది. ఇప్పుడు ‘స్...’ అనండి. అదురే లేదు, ఉత్త గాలి. మాటలో బలం అచ్చులది, అర్థంలో పెద్ద వాటా హల్లులది. అరిచినప్పుడు ఊపిరి ఒత్తిడికి గొంతులో అదిరే స్వరతంత్రులు గట్టిగా కొట్టుకుని అచ్చులు ఉబ్బుతాయి. ‘త’, ‘క’, ‘ప’లు చిటికెలో చిట్లిపోయేవి, వాటికి ఆ బలం అంతగా అందదు. ‘పలక తీయండి’ అని అరవండి, చివరి బెంచీకి ‘అఅఅ ఈఅంఇ’ చేరుతుంది. పైగా మనది అజంత భాష, చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి. రేకుల గదిలో మాట చివరి అచ్చు గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి, వెనకాల వచ్చే హల్లు నెత్తిన కూర్చుంటుంది. హల్లుల ఆనవాళ్లు ఎక్కువగా దొరికేది 2000-4000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) మధ్య. రెండున్నర సెంటీమీటర్ల మన చెవి గొట్టం బాగా మోగేదీ 3000 చుట్టుపక్కలే. చెవి హల్లు కోసం కాచుకుని ఉంటే మనం అచ్చులు కుక్కుతున్నాం.

చప్పుడులో మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచి వైద్యుడు రాశాడు. మీ అరుపు పిల్లలకు చప్పుడే. వాళ్లూ పెంచుతారు.

వస, మిరియాలు, పటికబెల్లం అంటారా? మింగినవేవీ స్వరతంత్రులను తాకవు. తాకితే పొలమారుతుంది, ఎవరో తలుచుకుని కాదు.

దేవరకొండలో మా ఇంటి స్లాబు రోజు. ముప్పై మంది కూలీలు, కాంక్రీటు కలిపే మిల్లర్ హోరు. ఒక మూల స్లాబును మోసే సెంట్రింగు కుంగడం చూసి నేను కేకలు పెడుతున్నాను. పాలమూరు మేస్త్రి చెయ్యెత్తి మిల్లర్ ఆపించాడు. మూడు నాలుగు సెకన్లు ఏమీ అనలేదు. తలలన్నీ తిరిగాక, ‘కింద ఎవ్వరుండొద్దు. కర్ర వట్కొని నువ్వొక్కనివే రా’ అన్నాడు. ‘ఎవ్వరు’లో వత్తు కూడా మెట్ల మీదున్న నాకు వినిపించింది. మాట చివర గొంతు కిందికి దిగింది. నాది పైకెక్కి ఉంది. అరిస్తే తంత్రులు బిగిసి శ్రుతి పెరుగుతుంది, భయపడ్డా అంతే. అందుకే అరుపులో జనానికి హుకుం కన్నా కంగారే ముందు వినిపిస్తుందని నా అనుమానం.

‘ఇంకొక గంట పని, అయినంక అందరం కూసొని తిందాం’ అని మళ్లీ మిల్లర్ తిప్పించాడు.

నేనంత అరిచినా గంపలు ఎందుకు ఆపలేదని సాయంత్రం ఒకతన్ని అడిగాను.

‘మీరు కానియ్ అన్నరు గద సారూ!’

నేనన్నది ‘ఆపెయ్’.